ముప్పై తొమ్మిది ముడులు

రాయచూరులో శక్తినగర్ వెళ్ళే రోడ్డు పక్కన రామచంద్రయ్య శెట్టిగారి చొక్కాల కార్ఖానా ఉంది. ఆ రోజు ఉదయం పది గంటలకు, ‘అపాయం వస్తే బయటికి దారి’ అనే కొత్త బోర్డు ఊడి ఆయన నెత్తిన పడింది. దెబ్బ పెద్దది కాదు. మేకు మాత్రం గోడలోంచి పూర్తిగా వచ్చేసింది. ఇంకో మేకు కొట్టే వ్యవధి లేక, ఎదురుగోడకు క్యాలెండరు తీసేసిన మేకు ఖాళీగా ఉంటే బోర్డు దానికి తగిలించారు. దాంతో బయటికి దారి చూపాల్సిన బాణం మరుగుదొడ్డిని చూపించసాగింది.

పది నిమిషాల తర్వాత బెంగళూరు నుంచి నవ్యశ్రీ వచ్చింది. బాణం చూసింది. బాణం చూపిన తలుపు తీసింది, మర్యాదగా వేసింది. చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది.

చొక్కాలు కొనేది బెంగళూరులో పిల్లల బట్టలమ్మే కంపెనీ. ‘నేలకు, నీటికి, కుట్టిన చేతులకు కీడు చెయ్యని బట్ట’ అని ప్రతి చొక్కాకీ ఒక అట్టముక్క వేలాడదీస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమో చూసి రమ్మని నవ్యశ్రీని పంపింది. ఆమె బాగాలేదని రాస్తే ఆర్డరు ఆగిపోతుంది. ఆ ఒక్క ఆర్డరు మీదే అక్కడ ముప్పై రెండు మిషన్లు తిరుగుతున్నాయి.

ఆ మిషన్ల మీద కుట్టు చూసి పంపే మనిషి పున్నమ్మ. మాన్వి దగ్గర కాలవ కింద క్యాంపులో పుట్టింది. వరి పండించుకోవడానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. పెళ్ళై రాయచూరు వచ్చింది. మొగుడు శ్రీరాములుకు బూడిద ఇటుకలు చేసేచోట పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని కనుబొమలు కూడా తెల్లబడి ఉంటాయి. బట్ట మీద రవ్వంత మరకను కనిపెట్టే చూపు పున్నమ్మకు అతని చొక్కాలు ఉతికీ ఉతికీ వచ్చింది.

పదకొండేళ్ళ కిందట, కుట్టు ఊడిన చొక్కాల మూట ఒకటి వెనక్కి వచ్చింది. ఎవరు కుట్టారో తేలలేదు. శెట్టిగారు అందరి కూలీలోనూ కోశారు. మర్నాడు పున్నమ్మ మిగిలిన దారాలన్నీ ఏరి మనిషికొక రంగు పంచింది. అక్కడ ఒక చొక్కాను మొదటినుంచి చివరిదాకా ఒక్కరే కుడతారు. కుట్టినవాళ్ళు లోపలి పక్కకుట్టు చివర తమ రంగు దారంతో చిన్న ముడి వెయ్యాలి. ఆ ముడులన్నీ వరసగా కట్టిన అట్ట ఒకటి పున్నమ్మ బల్ల పైన గోడకు ఉంటుంది. దాని మీద పేర్లుండవు. పేర్లు ఆమెకు నోటికొచ్చు. ఆ తర్వాత ఒకరి తప్పుకు ఇంకొకరి కూలి తెగలేదు.

నవ్యశ్రీ రావడానికి ముందురోజు శెట్టిగారు అందర్నీ నిలబెట్టి పాఠం చెప్పారు.

“ఎన్ని గంటలు పని?”

“ఎనిమిదీ!” ఎక్కాలు చెప్పినట్టు అన్నారందరూ.

“ఇంట్ల ఎవరన్న కుడతరా?”

“లేదూ!”

“గంత రాగమేంది? నేర్పిచ్చినట్టు తెలుస్తది. జర మామూలుగ చెప్పుండ్రి.”

ఆ రెండో జవాబు అబద్ధమని పున్నమ్మకు తెలుసు. ఇళ్ళలో కుట్టేవాళ్ళు ఆరుగురున్నారు. అందులో లక్ష్మీతిరుపతమ్మది పున్నమ్మ పుట్టిన క్యాంపే. చిన్నప్పుడే పోలియోతో కాలు చచ్చుబడింది. చేత్తో తిప్పే మిషను మీద కుడుతుంది. ఆదివారం ఆదివారం పున్నమ్మే బస్సులో కత్తిరింపుల మూట తీసుకెళ్ళి, కుట్టిన చొక్కాలు తెస్తుంది.

“మరి లక్ష్మీతిరుపతమ్మ సంగతేంటండీ?” అంది.

“ఏ లక్ష్మీతిరుపతమ్మ? గా పేరు నేనెన్నడు వినలే. నువ్వు గూడ వినలే. రేపట్నుంచి మూటలు బంద్.”

“బందంటే ఎన్నాళ్ళండీ?”

“కంపెనీవోళ్ళు చూసుడు ఆపేదాంక.”

అంటే ఎప్పటికీ అని. నిజం చెబితే ముప్పై రెండు మంది రోడ్డున పడతారేమో. చెప్పకపోతే ఆరుగురు పడ్డట్టే.

ఇప్పుడు నవ్యశ్రీ పరీక్ష సాగుతోంది.

“బట్టలు ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయి సార్?”

“కొబ్బరిచెట్టుకు మేడం.”

వెనక కొబ్బరి మొక్క ఉంది. దానికి నర్సరీవాళ్ళ ప్లాస్టిక్ సంచీ కూడా ఉంది. నవ్యశ్రీ రెండు వేళ్ళతో పట్టుకుంటే సంచీతో సహా లేచి వచ్చింది.

“ఎన్నేళ్ళ చెట్టు సార్ ఇది?”

“చిన్నదే మేడం,” అన్నారు శెట్టిగారు. అంతవరకు నిజమే.

ఆమె రాసుకుంది. ఆయన చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది.

ఆ సమయానికి శెట్టిగారి ఇల్లాలు సౌభాగ్యలక్ష్మి పైమేడ నుంచి మండక్కి ఒగ్గరణి, అంటే మరమరాల తాలింపు, ప్లేట్లలో పట్టుకుని దిగింది. కొత్త పట్టుచీర, తలలో మల్లెలు, మెడలో నల్లపూసలు, వాటి మీద కొలతల టేపు. టేపు సంగతి ఆవిడకు గుర్తులేదు. ఎవరూ చెప్పలేదు.

నవ్యశ్రీ ప్లేటు పక్కన పెట్టి హాజరు పుస్తకం చూసింది. కుట్టేవాళ్ళవి ముప్పై రెండు పేర్లు. తలెత్తితే గోడ మీద అట్ట కనిపించింది. పరీక్ష కోసం శెట్టిగారు క్యాలెండరు తీయించారు, టీ గ్లాసులు దాయించారు, విరిగిన స్టూళ్ళు అటకెక్కించారు. అట్ట మాత్రం ఆయనకు తోచలేదు. రోజూ చూసేది కంటికి ఆనదు.

“ఇదేంటమ్మా?”

పున్నమ్మ ముడుల సంగతి చెప్పింది. నవ్యశ్రీ ముఖం వికసించింది. “ఎంత మంచి పద్ధతి!” అంటూ పెన్ను మొనతో లెక్కపెట్టసాగింది. ముప్పై రెండు దాటింది. పెన్ను ఆగలేదు.

“ముప్పై తొమ్మిది,” అంది నవ్యశ్రీ. “పుస్తకంలో లేని ఈ ఏడు ముడులూ ఎవరివి?”

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

“పని ఇడిసిపెట్టి పోయినోళ్ళవి మేడం,” అన్నారు శెట్టిగారు. “పాతవి.”

“నేను ఆవిణ్ణి అడిగాను సార్.”

అలా అంటూనే నవ్యశ్రీ పక్కనున్న ప్యాకింగు పెట్టె మీద చెయ్యి వేసింది. పెట్టెలో పై వరస లక్ష్మీతిరుపతమ్మది, పసుపు ముడి. మొన్న ఆదివారం పున్నమ్మ తన చేత్తో తెచ్చి, తన చేత్తో సర్దింది. శెట్టిగారు నవ్యశ్రీ వెనక నిలబడి రెండు చేతులూ జోడించారు. ముందు వరసలోని అమ్మాయిలు సూది వంకే చూస్తున్నారు. ‘మానేశారండీ’ అంటే అయిపోతుంది. ఒక్క మాట.

పున్నమ్మ ఆ పసుపు దారం వంక చూసింది. ‘మానేశారు’ అనే మాట నాలుక దాకా వచ్చింది. వచ్చాక దాని వెంట లక్ష్మీతిరుపతమ్మ మొహం కూడా వచ్చింది.

“మానలేదండీ,” అంది. “ఆరుగురు ఇళ్ళ దగ్గర కుడతారు. రాలేక కుడతారండీ. ఒకావిడకు కాలు లేవదు, ఒకావిడకు మంచం పట్టిన అత్తగారు. ఇక్కడిచ్చే రేటే ఇస్తారు. ఈ పుస్తకంలో పేర్లు మాత్రం లేవండి. ఆ పెట్టెలో పై వరస వాళ్ళదే.”

శెట్టిగారు స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాపారు. స్టూలు అటక మీద ఉంది.

“ఆరే కదమ్మా. ఏడోదెవరిది?” అని అడగాల్సింది నవ్యశ్రీ. అడిగింది మాత్రం శెట్టిగారు. “ఏడోదెవరిదే పున్నమ్మా?”

పున్నమ్మ సౌభాగ్యలక్ష్మి మెడలోని టేపు వంక చూసింది. అందరూ అటే చూశారు. ఆవిడ తడుముకుని టేపు లాగి గుప్పిట్లో దాచుకుంది.

“నాలుగేండ్లాయె,” అంది నేల చూస్తూ. “ఇంట్ల పొద్దు పోతలేదని. మెరూన్ ముడి నాదే.”

“జాకెట్లు కుట్టుకుంటున్నవనుకుంటి గదనే!” అన్నారు శెట్టిగారు.

నవ్యశ్రీ పెట్టె తెరిచి ఒక పసుపు ముడి చొక్కా, ఒక మెరూన్ ముడి చొక్కా తీసి తిరగేసి చూసింది. చాలాసేపు చూసింది.

“ఇంట్లో కుట్టడం తప్పని ఎవరన్నారు సార్? పేరు లేకుండా కుట్టించడం తప్పు. వాళ్ళు మానేశారని పున్నమ్మ కూడా చెప్పి, నేను ఈ పెట్టె తెరిచి ఈ ముడులు చూసి ఉంటే ఈరోజే ఆర్డరు ఆగేది. తొంభై రోజులు టైమిస్తున్నా. ఏడు పేర్లూ పుస్తకంలోకి ఎక్కాలి. ఉతికిన నీళ్ళకు ఇంకుడుగుంత తవ్వాలి. ఆ బాణం కూడా తిప్పండి.”

ఆమె వెళ్ళాక శెట్టిగారు మొదట బాణం తిప్పారు. తర్వాత హాజరు పుస్తకం ముందేసుకుని, పున్నమ్మ చెబుతుంటే ఆరు పేర్లు రాశారు. లక్ష్మీతిరుపతమ్మ పేరు ఎన్నడూ విననట్టే రెండుసార్లు అడిగి రాశారు. ఏడో వరసలో పెన్ను ఆగింది. బల్లకు అవతల సౌభాగ్యలక్ష్మి సంతకం పెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉంది, టేపు మళ్ళీ మెడలోకి వచ్చింది.

“నీకేమన్న న్యాయముందా పున్నమ్మా?” అన్నారాయన. “ఆరుగురంటివి, సరే. ఇంటి ఆడిదాన్ని గూడ కూలోళ్ళ పుస్తకంల ఎక్కిస్తివి. ఇప్పుడు బజార్ల నా మొకమెట్ల సూపియ్యాలె?”

“ఈ నాలుగేళ్ళలో ఒక్క చొక్కా కూడా వెనక్కి రానిది ఆవిడ ముడే అండీ,” అంది పున్నమ్మ.