చేతికివ్వని పెద్దమ్మ

పెద్దమ్మ ఏ వస్తువునూ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. విసిరేది. ఆవిడకున్న అవలక్షణం అదొక్కటే, కానీ ఆ ఒక్కటీ పది అవలక్షణాల పెట్టు. తాళంచెవులు విసిరేది, సబ్బుబిళ్ళ విసిరేది, ఉల్లిపాయ అడిగితే వంటింట్లోంచి హాల్లోకి ఉల్లిపాయ ఎగురుకుంటూ వచ్చేది. కొత్తవాళ్ళెవరైనా మంచినీళ్ళడిగితే ఇంట్లోవాళ్ళు ఒక్క ఉదుటున లేచి, ఆవిడ గ్లాసు ముట్టుకోకముందే తామే తెచ్చిచ్చేవారు.

ఒకప్పుడు సాఫ్ట్‌బాల్ ఆడిన మనిషి. పదమూడేళ్ళు జట్టులో ఉంది. ఆ ఆట పుణ్యమాని టెలిఫోను ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నలభయ్యో ఏట ఆటకు స్వస్తి చెప్పి, హాస్టలు గది ఖాళీ చేసి, బదిలీ చేయించుకుని, ఒక రేకుపెట్టెతో చెల్లెలి ఇంట్లో దిగింది. ఇంట్లో చెల్లెలు, మరిది, వాళ్ళ ఏడేళ్ళ కూతురు. ఆ కూతుర్ని అందరూ పిట్ట అనేవారు. మేడమెట్ల మీంచి పడి విరిగిన మోచేతికి కట్టు విప్పించుకుని పిట్ట ఇంటికొచ్చిన వారానికే పెద్దమ్మ వచ్చింది. ఇప్పుడు పిట్టకు ముప్పై ఎనిమిదేళ్ళు, రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం. అయినా ఇప్పటికీ పిట్టే.

ఆటలో పడ్డ అలవాటు, పోదులే అని ఇంట్లోవాళ్ళు సర్దుకున్నారు. సర్దుకోక చేసేదేముంది? పిట్ట వాళ్ళ నాన్న మొదటి నెలలోనే మూడుసార్లు నుదుటికి మందు రాసుకున్నాడు. ఆయన నెమ్మదస్తుడు. ఒకరోజు గడ్డం గీసుకుంటూంటే తువ్వాలు వచ్చి మొహానికి చుట్టుకుంది. తువ్వాలు తియ్యకుండానే, "వదినగారూ, ఒక్కమాట చెప్పి విసిరితే బాగుంటుందేమో" అన్నాడు.

"చెప్తే మీరు ఆలోచిస్తారు మరిదిగారూ. ఆలోచిస్తే చెయ్యి లేవదు" అంది పెద్దమ్మ, సబ్బు కూడా పంపిస్తూ.

పిట్టకు విసిరినవి మాత్రం ఎప్పుడూ దాని ఎడమపక్కకు ఓ అడుగు దూరంగా పోయేవి. పదమూడేళ్ళు ఆడి సంపాదించిన గురి ఇదేనా అని నాన్న ఎగతాళి చేస్తే, గాలి ఉందనేది. తలుపులన్నీ మూసిన వంటింట్లో కూడా గాలి ఉందనేది.

ఆఫీసులో ఒక బల్లమీది ఫైలు పక్కబల్లకు చేరడానికి మూడు రోజులు పట్టేదట. పెద్దమ్మ వచ్చాక మూడు క్షణాలు చాలేవి. ఆఫీసరుగారు మొహమాటస్తుడు, నోటితో అనలేక ఒక మెమో రాయించాడు. కాగితములు చేతితో అందింపవలెనే గాని విసరరాదు అని దాని సారాంశం. ఆవిడ శ్రద్ధగా చదివి, అందినట్టు సంతకం పెట్టి, మెమోను ఉండచుట్టి ఆయనకే విసిరింది. ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నానని ఆయనకే నమ్మకం కలగలేదు. చిన్నప్పట్నుంచీ తన చేతిలో ఏదీ నిలిచి ఎరగడు. ఆ మెమో సంగతి మళ్ళీ ఎత్తలేదు సరికదా, రోజూ ఇంటికి వెళ్ళేముందు, రబ్బరు స్టాంపు ఒకసారి ఇలా పడెయ్యండి అని తానే అడిగేవాడు.

కింది వాటాలో లెక్కల మాస్టారు ఉండేవాడు. పైవాళ్ళు చదివేసిన పేపరు ఆయనకు మేడమీంచి వచ్చి పడేది. ఆయన ఇంటి యజమానికి ఫిర్యాదు చేశాడు, కాగితం మీద పేపరు పడే వేగం లెక్కకట్టి మరీ చూపించాడు. అంతలో ఒక ఉదయం, పేపరు నేలను తాకకముందే ఆయన చేతుల్లో ఉంది. యాభై ఏళ్ళ మనిషి, ఎవరైనా చూశారేమోనని వీధి అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడలేదని తెలిసి ఉసూరుమన్నాడు. పేపరు పట్టుకుని మేడెక్కి వచ్చి, "ఇంకోసారి వెయ్యండమ్మా, మా ఆవిణ్ణి పిలుస్తాను" అన్నాడు. మర్నాటినుంచి ఏడు కొట్టేసరికి దోసిలి పట్టుకుని వీధిలో సిద్ధం.

పిట్ట తాను పెళ్ళాడాలనుకున్న అతన్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు, గుమ్మం దాటకముందే పెద్దమ్మ బత్తాయి విసిరింది. అతను చటుక్కున వంగాడు. బత్తాయి వీధిలోకి పోయింది. అతను దాని వెనకే పరుగెత్తి, తెచ్చి, తుడిచి, క్షమించమన్నాడు. ఇక ఈ సంబంధం కుదరదని పిట్ట బిక్కమొహం వేసింది. పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "వంగడం తెలుసు, తిరిగి తేవడం తెలుసు. కాపురానికి ఇంతకంటే ఏం కావాలి?" అంది.

మొన్న చలికాలంలో, డెబ్బై ఒకటో ఏట, మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో కూచున్న మనిషి అలాగే వెళ్ళిపోయింది. పాత ఆటస్థలం పక్కనున్న క్లబ్బు గదిలో సంతాపసభ పెట్టారు. సంతాపం ఎంతసేపో నిలవలేదు. లేచినవాళ్ళల్లా తమమీదికి ఏమేం వచ్చిపడ్డాయో చెప్పడం, మిగతావాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వడం. ఆఫీసరుగారు మెమో కథ చెప్పాడు. మాస్టారు ఎనభై దాటిన చేతుల్తో దోసిలి పట్టి చూపించాడు.

అప్పుడు చివరి వరసలోంచి ఒక పొడుగాటావిడ లేచింది. తెల్లటి పొట్టి జుట్టు. జట్టులో బంతి వేసేది తానేనని, బ్యాటు పట్టినవాళ్ళ వెనక గొంతుక్కూచుని ఆ బంతిని పట్టేది పెద్దమ్మ అని చెప్పుకుంది. తర్వాత, "మీరంతా ఎవరి గురించి చెప్తున్నారో నాకర్థం కావడంలేదు. అది ఏదీ విసిరే మనిషి కాదు" అంది.

ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆవిడ చెప్పుకొచ్చింది. పట్టిన బంతిని ఎవరైనా తిరిగి విసిరేస్తారు. పెద్దమ్మ మాత్రం వీలున్నప్పుడల్లా లేచి, మైదానం మధ్యదాకా నడిచొచ్చి, బంతిని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పోయింది పోనీ, తర్వాతది చూద్దామని చెప్పి వెళ్ళేది. ఆలస్యమవుతోందని అంపైర్లు గద్దించినా మానేది కాదు. ఆ ఒక్కమాట కోసమే తాను అన్నేళ్ళు ఆడానంది. తర్వాత సంచిలోంచి మడతలు పడ్డ ఉత్తరం తీసింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట పెద్దమ్మ రాసింది.

"పిల్ల ఎడమచెయ్యి కడుపుకి అతికించుకుని తిరుగుతోంది" అని చదివింది. "ఇప్పుడు చాపకపోతే ఇక అంతేనట. డాక్టరు చెప్పిన కసరత్తు అంటే మంచం కింద దూరుతోంది. నీ మోచెయ్యి విరిగినప్పుడు, చెప్పకుండా బంతులు విసిరి బాగుచేశారన్నావు కదా. నేనూ మొదలుపెట్టాను. దానికొక్కదానికే విసిరితే కనిపెట్టేస్తుంది, అది గడుసుది. అందుకని అందరికీ విసురుతున్నాను. మరిదిగారికి నుదురు కమిలింది. పాపం, మంచివాడు."

మంచం కింద దూరడం పిట్టకు గుర్తుంది. చెయ్యి ఎవరు లాగుతారోనన్న ఆ భయం గుర్తుంది. ఆ చెయ్యి ఏ రోజున తెరుచుకుందో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. ఏ సబ్బుబిళ్ళకో, ఏ ఉల్లిపాయకో తెరుచుకుని ఉంటుంది. ఇవాళ ఆ చేతివేళ్ళతోనే ఆమె రోజుకు నలభైమందికి నరం వెతుకుతోంది.

చెయ్యి బాగుపడి ఎన్నో ఏళ్ళయింది కదా, మరి ఎందుకు మానలేదని నాన్న అడిగాడు.

"నేనూ అడిగాను. ఎలా మానాలో తెలియలేదంది. ఉన్నట్టుండి చేతికివ్వడం మొదలుపెడితే, వీధిలో అందరూ తమమీద కోపమొచ్చిందనుకుంటారని భయపడింది" అందావిడ.

ముందు నాన్న నవ్వాడు, నుదురు తడుముకుంటూ. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మాస్టారు కర్ర ఊతంగా లేచి పిట్ట దగ్గరకొచ్చి, "ఏదమ్మా, ఆ చెయ్యి ఒకసారి చూపించు. అందరం కలిసి బాగుచేశాం కదా, మేం చూడొద్దూ?" అన్నాడు.

పిట్ట కళ్ళు తుడుచుకుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఎడమచెయ్యి బారుగా చాపింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, కోణం చూసి, సరిగ్గా నూట ఎనభై డిగ్రీలని తేల్చాడు. నాన్న నిమిరి చూశాడు. బత్తాయికి వంగిన అల్లుడు, ఆ చెయ్యి పట్టుకుని ఇన్నేళ్ళుగా నడుస్తున్నవాడు, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. వెనకవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు. ఆఫీసరుగారు తన వంతు వచ్చాక మోచెయ్యి ఒకసారి మడిచి, చాపి, ఫైలుమీద సంతకం పెట్టేటప్పటి గంభీరమైన మొహంతో, "బాగా వచ్చింది" అన్నాడు.

నొప్పి పుడుతోందా, దించేస్తావా అని అమ్మ అడిగింది. పిట్ట తల అడ్డంగా ఊపింది. వరసలో చివరిమనిషి చూసేదాకా చాపే ఉంచింది.