టీకా టికెట్టు

రైల్వే కాలనీ సెక్టర్ 2లో మా క్వార్టరు వరండాలో ఇరుగుపొరుగువాళ్లం నెలకోసారి చేరి, ఆ నెల చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లం. పొరుగున ఉండే రైల్వే టికెట్ కలెక్టరు అక్షరాల కింద వేలు పెట్టుకుని నెలంతా నాలుగు పేజీలే చదివేవాడు. అయినా ఆయన నోరు విప్పితే ఆడవాళ్లు వంటిళ్లు వదిలి వచ్చేవారు. నాకు ఒళ్లు మండేది.

మశూచి వచ్చిన నెలలో, అమ్మవారన్నది అబద్ధం, టీకా వేయించుకోండి అని గంటసేపు వాదించాను. ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడాయన చొక్కా చెయ్యి పైకి మడిచి తన పాత టీకా మచ్చ చూపించాడు.

"ఇదేటనుకున్నారు? టికెట్టు! అమ్మవారొస్తే సూపించండి. టికెట్టున్నోల్ని దించడానికి ఆవిడిక్కూడా రూలు నేదు."

అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు టీకాలవాళ్ల ముందు వీధంతా వరుస కట్టింది. అందులో మా పాపనెత్తుకుని మా ఆవిడ!

"నిన్న గంటసేపు నేను మొత్తుకుంటే వినలేదేం?"

"మీరు అమ్మవారే నేదన్నారు. పిల్లకి జొరమొస్తే ఎవరికి మొక్కుకోమన్నారు? టీసీ బాబు ఆవిడికి టికెట్టు సూపించమన్నాడు."

హేతువాదిని. ఆయన టికెట్టు చెల్లకపోతే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. ఆ క్షణంలో సూది కోసం పాప చెయ్యి పట్టుకున్నది నేనే.