జపాను ఊదుగొట్టం

"మా ఇంట్లో జపాను ఉండాది" అని మా ఐదేళ్ల చిన్నవాడు, మంచినీళ్లకని అరుగు మీద కూర్చున్న పోలీసు జవానుతో అన్న క్షణాన, చేటలో బియ్యం ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

జపానువాళ్ల బాంబులకు భయపడి మద్రాసు జనం కడపకు వచ్చిపడుతున్న ఎండాకాలం అది. వాడు చెప్పింది ఇంట్లో మేం 'జపాను' అని పిలుచుకునే వెదురు పిల్లనగ్రోవి గురించి. కాలేజీలో నాకు సంగీతం నేర్పిన దొరసాని ఒకప్పుడు జపానులో ఉండి వచ్చినావిడ. స్వదేశం వెళ్లిపోతూ, అక్కణ్ణించి తెచ్చుకున్న ఈ పిల్లనగ్రోవినీ, తన వెండి ఫ్లూటునూ నాకిచ్చింది. తాలూకా కచేరీలో గుమాస్తా అయిన మా వారు వెదురుది ఊదేవారు, నేను వెండిది. ఇద్దరి కోసం 'వాన' అనే పాట కూర్చసాగాను. వెదురులో వాన ముందరి గాలి, ఫ్లూటులో చినుకులు. గాలి వరకు కాగితం మీద బాగానే కుదిరింది. చినుకుల చప్పుడు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుందామంటే కడప నాకేమీ సాయం చెయ్యలేదు.

మా అత్తగారు వెదురుదాన్ని ఊదుగొట్టం అనేవారు. "ఊదితే వానొచ్చేట్టయితే రైతులు దున్నే మడకలు పారేసి దీన్నే ఊదుకుంటా కూచుందురు గదమ్మీ." నాకు ఒళ్లు మండేది.

శత్రువుల వస్తువు ఇంట్లో పెట్టుకున్నారని పైవాళ్లకు తెలిస్తే మా వారి ఉద్యోగం ఊడుతుంది. పిల్లవాడి మాట విని జవాను లోపలికి వచ్చాడు.

"సాయంత్రమైతే ఈడ రెండు కూతలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాండాయంట. ఎవరికమ్మా సైగలు?"

చదువుకున్నదాన్ని కనక నిజం చెప్పబోయాను. అప్పటికే అత్తగారు పిల్లనగ్రోవి తీసుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. నిప్పుల్లో పెట్టి ఊదారు. గాలంతా రంధ్రాల్లోంచి పోయింది. వెదురు కొస కమిలింది కాని మంట లేవలేదు.

"ఊదుగొట్టానికి బొక్కలేందవ్వా?"

"నా మనవడి పని. వాని చేతికి మేకు దొరికితే నా నెత్తికీ పెడతాడు."

ఆయాసంతో ఆవిడ పెదవి గొట్టం అంచు మీదికి జారింది. ఎంత చెప్పినా మా వారికి పలకని గాలి, చినుకు వాసన మోసుకొచ్చే గాలి, వంటిల్లంతా పలికింది.

"పాడతాండాదే" అన్నాడు జవాను.

"కోడలు కాలేజీ చదివిందప్పా. ఈ ఇంట్లో చేట గూడా పాడతాది."

అతను నవ్వి లేచాడు. గూట్లో కనబడ్డ వెండిది దొరలదని నేను చెబితే విని, జాగ్రత్తగా బట్టలో చుట్టి పెట్టుకోమని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

మర్నాడు పొద్దున పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, అబద్ధమాడితే కళ్లు పోతాయని నేర్పిన నోటితోనే చెప్పాను, మనింట్లో ఉన్నది ఊదుగొట్టమని. "మరి వాన?" అన్నాడు పెద్దవాడు. యుద్ధం అయిపోయాక వస్తుందన్నాను. వాన ఎప్పుడొస్తుందో ఈ ఊళ్లో అంత గట్టిగా చెప్పినవాళ్లు అంతవరకు లేరు కనక, ఇద్దరూ నమ్మారు.