బంగారు జుట్టు దేవత క్లిప్పు

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటావిడ ఒక క్లిప్పు ఇచ్చింది. డెబ్భైల చివర, మినెసోటాలో. ఆవిడ తాతలు నార్వే నుంచి వచ్చినవాళ్ళు. అరచేయంత తోలుముక్క, దాని మీద ఆవిడే కూర్చుని చెక్కిన దేవత బొమ్మ. దేవత విరబోసుకున్న జుట్టు కిందికి వచ్చేసరికి గోధుమ కంకులైపోతుంది. జుట్టు మీద ఆనించి అడ్డంగా ఓ చెక్కపుల్ల గుచ్చాలి. తల మీద తోలేమిటని ముందు నసిగాను గానీ, పిల్ల వింటేగా! నడుము దాటే జుట్టు దానిది. రోజూ జడ వేసి క్లిప్పు పెడుతుంటే, "టైట్‌గా పెట్టమ్మా, ఫాల్ అవుతుంది" అని గునిసేది.

క్లిప్పుతోపాటు పక్కింటావిడ కథ కూడా చెప్పింది. ఆ దేవత పేరు సిఫ్, ఉరుముల దేవుడి భార్య. లోకి అనే తుంటరి దేవుడు ఆమె నిద్రపోతుంటే బంగారంలాంటి జుట్టంతా కత్తిరించేస్తాడు. మొగుడు ఎముకలు విరగ్గొడతానని మీదికొస్తే, ఆ తుంటరి మరుగుజ్జుల దగ్గరికి పరిగెత్తి అసలు బంగారంతోనే జుట్టు చేయించి తెస్తాడు. అది తలకి అతుక్కుని నిజం జుట్టులా పెరుగుతుంది. ఈ కథ పిల్ల నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. "స్లీప్‌లో కట్ చేశాడమ్మా, అడగలేదు కూడా" అనేది ప్రతిసారీ. ఆ ముక్క దగ్గరే దానికి కోపం.

ఆ చలికాలం మా ఆయనకి గుండెపోటు వచ్చింది. నలభై రెండేళ్ళకే, ఇంటి ముందు మంచు తోస్తూ కూలబడ్డారు. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను, మా అమ్మాయి తలనీలాలు ఇస్తానని. నావెందుకు మొక్కుకోలేదంటారా? ముత్తైదువ గుండు చేయించుకోకూడదని మా ఇంట్లో పట్టింపు. అదో సాకు. నా జడంటే నాకూ ముద్దే, ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

ఆయన బతికి బట్టకట్టారు. వేసవిలో, ఈ దేశంలో కొత్తగా కట్టిన వెంకన్న గుడికి రెండు రోజులు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. పిల్లకి మాత్రం మూడు కత్తెరలే అని చెప్పాను, మూడు చోట్ల కాస్త కత్తిరించి దేవుడికిస్తే అయిపోతుందని. పచ్చి అబద్ధం. ఆయనేమో, "నిజంగానే మూడు కత్తెరలిచ్చి ఊరుకోవే, దేవుడేమన్నా కొలుచుకుంటాడా?" అన్నారు. "ఐసీయూ బయట కూర్చున్నది మీరా, నేనా?" అని విరుచుకుపడ్డాను. అక్కడికి చేరాక ఆయన కారులోనే ఉండిపోయారు.

గుడి దగ్గర మంగలి లేడు. కింద ఊళ్ళో బార్బర్ షాపుకి పిల్లని నేనే తీసుకెళ్ళాను. ముసలి బార్బర్. మొత్తం తీసెయ్యమంటే నా మొహం ఓసారి చూసి, వంగి దాన్నే అడిగాడు, నీకిష్టమేనా తల్లీ అని. అది నా వైపు తిరిగింది.

"త్రీ అన్నావు కదమ్మా."

"నాన్న కోసం మొక్కుకున్నాను. ఇవ్వకపోతే..." అని ఆపేశాను.

"ఇవ్వకపోతే నాన్న చచ్చిపోతాడా?"

నేను కాదనలేదు. ఒక్క మాట. ఎంతసేపు పడుతుంది చెప్పడానికి? పిల్ల తనే క్లిప్పు తీసి గుప్పెట్లో పెట్టుకుని, బార్బర్‌తో ఓకే అంది. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

సెప్టెంబరులో స్కార్ఫు కట్టుకుని స్కూలుకెళ్ళింది. క్లిప్పుని ఆ స్కార్ఫు ముడికే గుచ్చుకునేది. పక్కింటావిడ చూసి నన్నేమీ అడగలేదు గానీ, కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. జుట్టు వస్తుంటే ప్రతి ఆదివారం అద్దం ముందు క్లిప్పు పెట్టి చూసుకోవడం, అది జారిపోవడం. రెండేళ్ళు పట్టింది. నిలిచిన రోజున వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి తల అటూ ఇటూ ఊపి చూపించింది. "చూడమ్మా, హోల్డ్ చేస్తోంది!" ఆయనా నేనూ చప్పట్లు కొట్టాం. హమ్మయ్య, నన్ను క్షమించేసింది, ఆ సంగతంతా మర్చిపోయింది అనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఆ డిసెంబరులోనే ఆయనకి రెండో పోటు వచ్చింది, ఆఫీసులో. స్కూలు సెలవులు. నాన్నకి మళ్ళీ గుండెపోటని పిల్లకి చెప్పి, దాన్ని పక్కింటావిడకి అప్పగించి హాస్పిటల్‌కి పరిగెత్తాను. ఈసారి ఏ మొక్కూ మొక్కలేదు, ఒట్టు. మొక్కుకునే వ్యవధి కూడా ఇవ్వలేదాయన. మధ్యాహ్నం రెండింటికల్లా అంతా అయిపోయింది.

పిల్లకెలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. పక్కింటావిడ ఏడుస్తూ తలుపు తీసింది. పిల్ల బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుందని, లోపలేం చేస్తోందో తనకి తెలియలేదని అంది. ఆవిడ వెనకే మా అమ్మాయి వచ్చింది. తలంతా ఎగుడుదిగుడుగా కత్తిరించేసుకుంది. చెవి పక్కన కత్తెర తగిలి రక్తం. దోసిట్లో జుట్టు, ఒక్క వెంట్రుక కూడా కింద పడకుండా జాగ్రత్తగా పట్టుకుంది.

"నువ్వు అడక్కముందే ఇచ్చేశానమ్మా" అంది. "త్రీ కాదు, అంతా. నాన్న ఎప్పుడొస్తాడు?"