నార్మల్ వచ్చిందని టెంటు పీకితే

బీపీ ఉందని తెలిసిన రోజు మా బాపు భయపడలేదు, కోపగించుకున్నాడు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు; కనిపించని రోగానికి రోజూ గోలీ ఎందుకని వాదించాడు. జగిత్యాల డాక్టరు మాత్రం జీవితాంతం వేసుకోవాలని చెప్పి పంపాడు. కొన్ని నెలలు వేసుకున్నాక మళ్లీ చూపిస్తే నార్మల్ వచ్చింది. మందు పనిచేస్తోందని డాక్టరు సంతోషించాడు. రోగం పోయిందని బాపు సంతోషించాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే విడిపోయారు.

ఆ వారంలోనే తెలంగాణ ఇస్తున్నామని కేంద్రం నుంచి ప్రకటన వచ్చింది. కోరుట్లలో పటాకులు కాల్చారు, బస్టాండు దగ్గరి రిలే దీక్షల టెంటు పీకేశారు. బాపు ముఖం నిండా గులాలుతో ఇంటికొచ్చి, గోలీల షీటును గూట్లో పాత గడియారం వెనక పెట్టేశాడు. అమ్మ అడిగితే, రెండు కష్టాలూ ఒక్క వారంలోనే తీరాయన్నాడు.

నెల తిరక్కముందే ఆ ప్రకటన వెనక్కి పోయింది. బాపు కోపమంతా టెంటు పీకినవాళ్ల మీదే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పేవాడు.

"మాట అచ్చిందని టెంటు పీకుడే తప్పు. చేతికచ్చేదాక లేవద్దు."

టెంటు మళ్లీ లేచింది. బాపు దీక్షకు పేరిచ్చాడు. కూర్చోబోయే వాళ్లకు ముందుగా బీపీ చూసేవారు. అక్కడి నర్సు బాపు చేతికి పట్టీ చుట్టి చూసి, నమ్మలేక మళ్లీ చూసి, గోలీలు వేసుకుంటున్నావా అని అడిగింది. నార్మల్ వచ్చింది కదా అన్నాడు బాపు. గోలీ వేసుకున్నందుకే వచ్చిందని, ఇట్లాగే వదిలేస్తే పక్షవాతం రావచ్చని చెప్పి ఆమె ఆయన్ని లేపేసింది. ఆయన కోసం తెచ్చిన దండ పక్కాయన మెడలోకి పోయింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఆ నర్సుకు ఉద్యమమంటే ఏంటో తెలియదన్నాడు. నేను మాట్లాడటం తక్కువ. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుని నేనే చదువుకుంటాను. ఆ రోజు మాట ఎట్లా బయటికొచ్చిందో తెలియదు.

"నార్మల్ అచ్చిందని నువ్వు గూడ టెంటు పీకినవ్ గద బాపు."

అమ్మ చేతిలో గంటె ఆగింది. బాపు కలిపిన పప్పన్నాన్నే చాలాసేపు కలిపాడు. తర్వాత తల ఎత్తకుండా, "గా గూట్లకెల్లి షీటు తే బిడ్డా" అన్నాడు.

బీపీ మళ్లీ అదుపులోకి వచ్చాక, గోలీ మానొద్దన్న షరతు మీద డాక్టరు ఒక్కరోజు దీక్షకు ఒప్పుకున్నాడు. దీక్ష రోజు పొద్దున బాపు గోలీ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. కావాలనే మరిచిపోయాడని అమ్మ అనుమానం. నన్ను పంపింది. అంతమంది మగవాళ్ల మధ్య నుంచి, గుప్పిట్లో గోలీ చెమటకు కరుగుతుందేమోనని భయపడుతూ నడిచి వెళ్లి ఇచ్చాను. బాపు నీళ్లతో మింగాడు.

పక్కన దండ వేసుకుని కూర్చున్న కుర్రాడు పట్టేశాడు. "దీక్షల ఏం మింగుతున్నవ్ కాకా?"

"బీపీ గోలీ. దీని టెంటు గూడ పీకద్దట. మా బిడ్డ ఆర్డర్."

టెంటంతా నా వైపు తిరిగింది. నేను ఫ్లెక్సీ వెనక్కి పోయి నిలబడ్డాను.