గుట్ట పరదా

హాలియా ఫోటో స్టూడియోలో మనుషుల వెనక వేలాడే పరదాలు గీసే ఐలేశానికి కడుపుమంట ఎక్కువ. పక్క ఊళ్లో ఎవడో బండికి మంచి రంగు వేశాడని విన్నా ఆ పూట అన్నం సహించేది కాదు. అయితే అతని అసలు ఏడుపంతా ఎప్పుడో చచ్చిపోయిన ఒక డచ్చి చిత్రకారుడి మీద.

సాగర్ డ్యాం పని మొదలైన కొత్తలో ఐలేశం ఒక పరదా గీశాడు. చిన్నప్పుడు తాను గొర్లు కాసిన గుట్ట, ఒకదాని మీద ఒకటి నిలిచిన రెండు గుండ్లు, కింద ఎర్రనేల. అంత బాగా మళ్లీ ఎన్నడూ గీయలేదు. ఆ గుట్ట కిందే ఉన్న అతని సొంతూరి నుంచి అంగడికొచ్చిన కృష్ణమ్మ దాన్ని చూసి నవ్వింది.

"మా గుట్ట ముంగట నిలబడనీకి గింత దూరం రావాల్నా, అన్నా?"

ఆ నెలలోనే స్టూడియో యజమాని బాలయ్య పట్నం నుంచి ఒక క్యాలెండరు తెచ్చి గోడకు కొట్టాడు. పచ్చగడ్డి, నిండు కాలువ, బలిసిన ఆవులు. వచ్చిన ప్రతివాడూ అలాంటి పరదా కావాలన్నాడు. బడిపంతులు బొమ్మ కింద రాసింది చదివి చెప్పాడు. అది గీసిన హాలెండు డచ్చాయన బతికినన్నాళ్లూ తన ఊరి కాలువనే గీశాడట, దేశదేశాలు మెచ్చుకున్నాయట.

ఐలేశానికి ఒళ్లు మండింది.

"ఆయన ఊరు ఆయన గీస్తే గొప్ప. నా ఊరు నేను గీస్తే నవ్వులాటనా?"

"నువ్వు గూడ గసుంటిదే గియ్యి," అన్నాడు బాలయ్య. "కొత్త గుడ్డ మాత్రం అడగకు."

కుళ్లుబోతు బుర్రకు ఆ మాట నచ్చింది. ఐలేశం గుట్ట మీదే పచ్చరంగు పులిమాడు. గుండ్లు ఆవులయ్యాయి, ఎర్రనేల కాలువైంది. ఏళ్ల తరబడి కొత్త జంటలన్నీ ఆ కాలువ ముందే కూర్చున్నాయి. ఎవరు మెచ్చుకున్నా ఆ మెప్పు డచ్చాయనకే పోతోందని ఐలేశం లోపల ఉడికిపోయేవాడు.

అరవై ఏడులో సాగర్ నిండింది. కృష్ణమ్మ ఊరూ గుట్టా నీళ్లలో మునిగాయి. ఆ ఏడే ఆమె భర్తతో స్టూడియోకొచ్చింది.

"అన్నా, గా గుట్ట పరదా ఎయ్యి. ఒక్క ఫోటో దిగుతం."

ఐలేశం కాలువ పరదా దగ్గరికి వెళ్లాడు. పరదాను గోటితో గీకాడు. పచ్చరంగు పెచ్చు ఊడి గోరంత ఎరుపు కనిపించింది.

"గీ కాలువ కిందనే ఉంది, చెల్లె."

నలుపు తెలుపు ఫోటోలో ఆ ఎరుపు పడదని తెలిసినా కృష్ణమ్మ దాని పక్కకే జరిగి నిలబడింది. ఆ రోజు ఐలేశం డచ్చాయన మీద ఏడ్చినంత ఎన్నడూ ఏడవలేదు. ఆయన తన ఊరిని తన చేత్తో చెరుపుకోలేదు.