హాజరు పట్టీలో మొండయ్య పేరు

నేతపని చేసే సాలోళ్లుండే మా కొత్తవాడలో ఏ పెండ్లి జరిగినా, కట్నాలు చదివించే వేళకు మా పెద్దబాపు సిద్దిరాములు పందిట్లో ప్రత్యక్షమయ్యేవాడు. బంధువుల పేర్లన్నీ అయిపోయాక గొంతు సవరించుకుని, "మన గ్రంథాలయం పేర గూడ ఏమన్న చదివియ్యిండ్రి" అనేవాడు. పిల్ల తండ్రి పదిమందిలో కాదనలేక ఎంతో కొంత అప్పజెప్పేవాడు. అన్న చేసే ఈ పనికి మా నాయన తల పట్టుకునేవాడు. తన కోసం ఒక బీడీ అడగడానికి కూడా సిగ్గుపడే పెద్దబాపు, పుస్తకాల కోసం మాత్రం ఎవరి ముందైనా చెయ్యి చాచేవాడు.

గ్రంథాలయం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కిరాయి గది, పైన గూనపెంకులు, మూడు చెక్క బీరువాలు, ముందు ఒక అరుగు. బెజవాడ నుంచి వచ్చే తెలుగు పేపరే దానికి ప్రాణం. నైజాం సర్కారుకు ఆ పేపరంటే కంటగింపు. నిషేధం పెట్టింది కాబట్టి అది నూలు బేళ్ల నడుమ దాక్కుని వచ్చేది. మధ్యాహ్నం పెద్దబాపు దాన్ని గట్టిగా చదువుతుంటే, మా వాడ నేతగాడు మొండయ్య లాంటి వాళ్లు అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లు. మొండయ్యకు ఒక్క అక్షరం రాదు. అయినా నిన్న ఎక్కడ ఆపారో అందరికంటే ముందు చెప్పేది అతనే.

1947 వానలకు గది వెనక గోడ కూలింది. పుస్తకాలు తడిసి ఉబ్బాయి. గోడ కట్టించకపోతే ఖాళీ చేయమన్నాడు ఇంటాయన. పెద్దబాపు మగ్గం ఆపి చందాలకు బయలుదేరాడు. నర్సంపేటలో పత్తి సావుకారు తన తండ్రి పేరు పెడితేనే ఇస్తానన్నాడు. సరేనని ఈయన తలూపాక, ఆలోచించుకుని చెప్తానని లోపలికి పోయి మళ్లీ రాలేదు. పరకాల దిక్కు ఒక దొర అయితే, "సాలోళ్లు సదువుకుంట కూసుంటే బట్ట ఎవలు నేస్తరు?" అని నవ్వి పంపించాడు.

అప్పుడొచ్చాడు లింగమూర్తి. వాడికి 'గారు' తగిలించడం నావల్ల కాదు. మా వాడలోనే పుట్టి, నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చి, సర్కారు ఆఫీసులుండే సుబేదారిలో ఏదో కచేరిలో గుమాస్తాగా చేరినవాడు. చిన్నప్పుడు పెద్దబాపుతో ఒకే కంచంలో తిన్నవాడు.

"బావా, గ్రంథాలయాలకు సర్కారు ఇమ్దాదు ఇస్తాంది, పైసల సాయం. గోడేంది, పక్కా గదే కట్టుకోవచ్చు. దరఖాస్తు ఉర్దూల నేను రాస్త. నువ్వు ఆరు నెలల హాజరు పట్టీ తయారు చెయ్యి. రోజుకు నలభై మంది లేకుంటే కాయితం ముట్టుకోరు" అన్నాడు.

"పదిహేను మందే వస్తరు గద" అన్నాడు పెద్దబాపు.

"అరుగు మీద ఇనేటోళ్లు మనుషులు కారా? వాళ్లను గూడ రాయి. ఏం సదివిండ్రో అది గూడ రాయి."

"వాళ్లు ఇనేది పేపరే. అది రాస్తే ఖతరా గాదా?"

"నేనున్న గద, ఫికర్ చెయ్యకు. పేపరు సదివేటోళ్లుంటేనే పెద్ద గ్రంథాలయమని నమ్ముతరు."

పెద్దబాపు నమ్మాడు. మూడు రోజులు కదలకుండా కూర్చుని, రెండు రకాల సిరాలు మార్చి మార్చి, తండ్రి పేరు, ఇంటి గుర్తులతో సహా రాశాడు. అబద్ధం రాస్తున్నాననే బెరుకు కంటే, వాడంతా చదువరులైపోయారన్న సంబరమే ఆయనకు ఎక్కువగా ఉండిందట. మొండయ్య పేరుకు ఎదురుగా ఆరు నెలలూ 'పేపరు' అనే రాశాడు. పట్టీని తీసుకుపోయి లింగమూర్తి చేతిలో పెట్టాడు.

ఎనిమిదో రోజు పొద్దున్నే పోలీసులు వచ్చారు. వాళ్ల చేతిలో ఆ పట్టీ. పేరు చదవడం, ఇంట్లోంచి మనిషిని గుంజుకు రావడం. మొండయ్యను మగ్గం గుంటలోంచి లేపారు. "నాకు సదువు రాదు సాబ్" అని చేతులు జోడిస్తే, చదివినట్టు రాసి ఉందిగా అని చెంప మీద కొట్టారు. పెద్దబాపు అడ్డం పడి, "నేను అబద్ధం రాసిన! నన్ను తీస్కపోండ్రి!" అని అరిచాడు.

పోలీసు జమేదారు నవ్వాడు. "నిన్నెందుకు తీస్కపోతం? పట్టీ ఇచ్చింది నువ్వే గద" అని అందరికీ వినపడేటట్టు అన్నాడు. 'పేపరు' అని రాసి ఉన్న పదకొండు మందిని తీసుకుపోయి ఆయన్ను ఒక్కణ్ణే వదిలేశారు. ఆ మాటతో వాడంతా ఆయన్నుంచి ముఖం తిప్పేసుకుంది.

పెద్దబాపు అదే ఊపున సుబేదారికి పోయాడు. లింగమూర్తి వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు.

"ఏంది బావా ఇది? నా చేతనే రాయిస్తివి గద!"

"నిన్ను బచాయించిన గద. నీ మీద కేసు లేకుండ చూసిన. అయినా ఆ పేర్లు నేను రాసిన్నా? నువ్వే రాస్తివి."

"నిన్ను నమ్మి రాసిన."

"కూసో. ఇంత చాయ్ తాగి పో."

ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దబాపు ఆ చాయ్ మాట దగ్గర ఆగిపోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. దరఖాస్తు అసలు వాడు రాయనే లేదని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండానే వాడు గుమాస్తా నుంచి ఎదిగి పేష్కారు అయ్యాడు. గ్రంథాలయానికి పోలీసుల తాళం పడింది.

రెండు నెలలకు మొండయ్యను వదిలారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర పోయింది, ఇక మగ్గం ఆడదు. పెద్దబాపు ఆ ఇంటికి పోతే మొండయ్య భార్య లింగమ్మ గడపలో అడ్డం నిలబడింది. "ఇంకెవల పేర్లు గావాలె నీకు?" అంది. మొండయ్యే ఆమెను పక్కకు జరగమన్నాడు.

పెద్దబాపు బయటే నిలబడి జరిగిందంతా చెప్పాడు. లింగమూర్తి చేసిన మోసంతోపాటు తన ఆశనూ, దొంగ రాతలనూ దాచకుండా చెప్పాడు. మొండయ్య అంతా విన్నాక గడప దాటి వచ్చి అడిగాడు.

"నా పేరు ఎట్ల రాసినవో జర సూపియ్యి సిద్దన్నా. నేనెన్నడు సూడలే."

పెద్దబాపు కూలబడి వాకిట్లో మట్టి మీద వేలితో రాశాడు. మొండయ్య వంగి, ఒక్కో అక్షరం మీద ఎడమచేతి వేలు పెట్టి ఇదేంది, ఇదేంది అని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత కాలితో మొత్తం చెరిపేశాడు.

"ఇగ నా పేరు ఎన్నడు ఏడ రాయకు" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.